వాగు దాటిన తిమింగలం

ఆ రోజు రహీం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దెక్కకముందే తెప్పను ట్రాలీ ఆటోలో వేసుకుపోయి వాగు దగ్గర సమ్మయ్యకు అప్పగించాలి. మధ్యాహ్నానికి భద్రాచలం తిరిగొచ్చి దుకాణం తెరవాలి. గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక పడేలోపు ఇదంతా అయిపోవాలి. అయిపోతుందనే అనుకున్నాడు పాపం. లారీల మీద కప్పే బరకాలు, అదే టార్పాలిన్లు, కుట్టి బతికే మనిషికి వాన సంగతి తెలిసినంతగా సర్కారు సంగతి తెలియదు.

సమ్మయ్యది వాగవతలి గూడెం. దానికి అసలు పేరు ఒకటుంది గానీ ఓట్లప్పుడు తప్ప ఎవరూ వాడరు. మిగతా కాలమంతా అది ‘వాగవతల’ మాత్రమే. వానలు ముదిరి వాగు పొంగిందంటే గూడెం దీవి అయి కూర్చుంటుంది. వాళ్లు వంతెన అడగని నాయకుడు లేడు, కట్టిస్తానని చెప్పని నాయకుడూ లేడు. అంతకుముందు వానాకాలంలో సమ్మయ్య కూతురు పురిటి నొప్పులు పడుతూ, ఈ ఒడ్డున నిలబడ్డ అంబులెన్సును చూస్తూ, ఆ ఒడ్డున ప్రాణం వదిలింది. ఇప్పుడు కోడలు నాగలక్ష్మికి నెలలు నిండాయి. ఇంకో రెండు వారాలాగి దవాఖానాకు తీసుకురమ్మన్నారు. వాగు అంతవరకు ఆగలేదు. అందుకే సమ్మయ్య ఈసారి నాయకులను అడగడం మానేసి టైలరును అడిగాడు.

రహీం నాలుగు లారీ ట్యూబులను వరసగా కట్టి, వాటి చుట్టూ నల్లటి టార్పాలిన్ తొడుగు కుట్టాడు. అతని చేతికి ఒక జబ్బుంది. ఏది కుట్టినా గాలికి లేవకూడదు, మీద నీళ్లు నిలవకూడదు. కనుక తెప్పకు కూడా ముందువైపు కోసుగా ముక్కు తీశాడు. లోపలికి చేరిన నీళ్లు బయటికి పోవడానికి నడినెత్తిన గొట్టం పెట్టాడు. తాళ్లు లాగే చోట చిరగకుండా ముక్కుకు రెండు పక్కలా గుండ్రటి తెల్ల మాసికలు వేశాడు. పని పూర్తయ్యాక అతని భార్య ఫజిలత్ టీ గ్లాసుతో వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏందయ్యా ఇది? తెప్ప అన్నవ్, దున్నపోతును కుట్టినవ్."

"దున్నపోతు కాదే. దీని మీద మనిషిని పండవెట్టి వాగు దాటించొచ్చు."

"మరి కండ్లెందుకు దానికి?"

"కండ్లు కావు, మాసికలు."

"నీకు మాసికలు. చూసెటోళ్లకు కండ్లే," అని ఆమె లోపలికి పోయింది. పనిలో ఉన్నప్పుడు ఆడవాళ్ల మాట వినే అలవాటు రహీంకు లేదు. ఉంటే ఈ కథ ఉండేది కాదు.

వాగు దగ్గరికి చేరేసరికి సమ్మయ్య అప్పటికే ఈ ఒడ్డున ఉన్నాడు. ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని ఈదుకుంటూ వచ్చాడట. ఇద్దరూ కలిసి ట్యూబులకు గాలి కొట్టి, తెప్పను నీళ్లలోకి దించి, తాడును ఒడ్డునున్న మద్దిచెట్టు మోడుకు కట్టారు. ఇంకో తాడు పట్టుకుని సమ్మయ్య ఆ ఒడ్డుకు ఈదాలి. అటూ ఇటూ తాళ్లుంటే తెప్ప ఊయలలా పోయి వస్తుంది. అంతా సిద్ధంగానే ఉంది. కానీ రహీంకు తన కుట్టు మీద ఉన్న ప్రేమ కొద్దీ ఒక్కసారి పరీక్షించి చూడాలనిపించింది. తెప్పను కాలితో నడి ప్రవాహంలోకి తోశాడు.

"చూడు సమ్మన్నా, ఈ కుట్టు తెగితే నా పేరు మార్చుకుంట."

కుట్టు తెగలేదు. తాడూ తెగలేదు. వారం రోజులుగా నానిన ఒడ్డు మాత్రం మెత్తగా విచ్చుకుని, మోడు వేళ్లతో సహా ఊడివచ్చి తెప్ప వెంట పోయింది. ఇద్దరూ ఒడ్డున నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశారు.

సమ్మయ్య మెల్లగా, "కుట్టు మాత్రం మస్తుగుంది భాయ్," అన్నాడు.

వాగు పోయి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పర్ణశాల పక్కనుంచి పోతుంది. అక్కడైనా ఎవరైనా పడవవాళ్లు పట్టుకుంటారేమోనని ఇద్దరూ ఆటోలో అటు పరుగుతీశారు. వీళ్లకంటే ముందే తెప్ప చేరింది. ఒడ్డుకు దూరంగా ఒక సుడిలో పడి గుండ్రంగా తిరుగుతోంది. సరిగ్గా ఆ సమయానికే వెంకటకృష్ణ అనే విలేకరి నది ఒడ్డున ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏళ్ల తరబడి వరద నీటిమట్టం చెప్పి చెప్పి, అతని చానెల్‌ను అతని ఇంట్లోవాళ్లు కూడా చూడడం మానేశారు. నల్లటి ఒళ్లు, కోసు ముక్కు, రెండు తెల్లటి కళ్లు, వెనకాల విచ్చుకున్న తోక. సుడి నొక్కినప్పుడల్లా నడినెత్తి నుంచి చిమ్మే నీటి ధార. వెంకటకృష్ణ జన్మలో తిమింగలాన్ని చూడలేదు. అందుకే చూడగానే గుర్తుపట్టాడు.

ఆటో పర్ణశాల చేరేసరికి వీడియో హైదరాబాదు చేరింది. టీ కొట్టు టీవీలో ఒక ప్రొఫెసరు మాట్లాడుతున్నాడు. ముక్కు పొడవును బట్టి ఇది ముక్కు తిమింగలాల కుటుంబానిదని, అయితే తోక చివర వేళ్లలాంటి నిర్మాణాలు ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన ఏ జాతికీ లేవని, కనుక ఇది మానవాళి ఇంతవరకు ఎరగని కొత్త జాతి అని ఆయన తేల్చాడు. సముద్రం నుంచి ఆనకట్టలు దాటుకుని ఇంత దూరం ఎలా వచ్చిందని యాంకరమ్మ అడిగింది. "అదే ఈ జాతి ప్రత్యేకత," అన్నాడు ప్రొఫెసరు.

అప్పటికే ఒడ్డంతా జనం. కొబ్బరికాయల ధర పెరిగింది. గుడికి వచ్చిన యాత్రికులు నీళ్లలోకి పసుపు కుంకుమలు చల్లుతున్నారు. అవతలి రాష్ట్రం వాళ్లు తిమింగలం తల తమ వైపే ఉందని, కనుక అది తమదేనని ఒక ప్రకటన ఇచ్చారు. తోక మనవైపే ఉందని ఇటువాళ్లు సమాధానం ఇచ్చారు. వరద బాధితుల కోసమని తెచ్చిన మూడు మోటారు పడవలు ఒడ్డున బారుగా నిలబడి ఉన్నాయి. వాటిని చూడగానే రహీం ప్రాణం లేచివచ్చింది. తెప్ప పోతే పోయింది, పడవ దొరికితే చాలు. వరద పర్యవేక్షణకు వచ్చిన ప్రత్యేకాధికారి వెంకటప్పయ్య గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఫోనులో మాట్లాడుతుంటే, ఇద్దరూ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సార్, వాగవతల ఈయన కోడలు నిండు గర్భిణి. ఒక్క పడవ ఇప్పియ్యండి సార్," అన్నాడు రహీం.

"పడవలు డ్యూటీలో ఉన్నాయయ్యా."

"ఒడ్డుకే ఉన్నయ్ గద సార్. ఏం డ్యూటీ?"

"తిమింగలం."

రహీం ఒక అడుగు ముందుకు వేశాడు. "అది తిమింగలం కాదు సార్. నేనే కుట్టిన."

వెంకటప్పయ్య ఫోను చెవి నుంచి తీశాడు. "నువ్వు కుట్టావా? తిమింగలాన్ని?"

"అవ్ సార్. లోపట లారీ ట్యూబులున్నయ్."

"మరి తోక?"

"మద్దిచెట్టు మోడు సార్."

"ఆ నీళ్లు చిమ్మడం?"

"గొట్టం వెట్టిన."

"హైదరాబాదులో అంత పెద్దాయన జాతి కూడా తేల్చి చెప్పాడు. నువ్వేమో ట్యూబులంటావు. ఏం చదువుకున్నావ్?"

"ఏడో తరగతి సార్."

"అదీ సంగతి," అని వెంకటప్పయ్య మళ్లీ ఫోను చెవిన పెట్టుకున్నాడు. చుట్టూ మూగిన జనానికి కూడా రహీం మాట నచ్చలేదు. "మా దగ్గరికి తిమింగలం వస్తే ఈయనకెందుకు కడుపుమంట?" అంది కొబ్బరికాయలమ్మే ఆమె. ఎవరో అతన్ని భుజం పట్టి పక్కకు నెట్టారు. అంతలో సుడి వదిలేసిందేమో, తెప్ప ఒక్కసారి ముక్కు పైకెత్తి, వరదలో మునిగిన చెట్ల వెనక్కి పోయి మాయమైంది. జనం చప్పట్లు కొట్టారు.

సమ్మయ్య ఫోను మోగింది. అవతల భార్య కన్నమ్మ. గూడెంలో గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ రాదు. వానలో గుట్ట ఎక్కి మాట్లాడుతోందంటేనే సంగతి తెలిసిపోయింది. "ఉమ్మనీరు పోయింది," అంది కన్నమ్మ రొప్పుతూ. "పడవే తెస్తవో, తెప్పనే తెస్తవో తే. లేకుంటే అప్పుడు మన బిడ్డకు అయినట్టే కోడలికీ అయితది." సమ్మయ్య ఫోను జేబులో పెట్టుకుని, ఎవరికీ మొహం కనబడకుండా నది వైపు తిరిగి బురదలోనే కూలబడ్డాడు.

రహీంకు ఒళ్లంతా మండిపోయింది. మూడు పడవలు, డ్రైవర్లు, డీజిల్, లైఫ్ జాకెట్లు, అన్నీ ఉన్నాయి. తన పనికిమాలిన టార్పాలిన్ కోసం ఉన్నాయి. కడుపులో బిడ్డతో ఉన్న మనిషి కోసం లేవు. నిజం చెబితే నెట్టేశారు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో కస్టమరుకు జానెడు గుడ్డ తక్కువ ఇవ్వని మనిషి, గొంతు సవరించుకుని తన జీవితంలో మొదటి పెద్ద అబద్ధం ఆడాడు.

"సార్! తిమింగలం వాగులకు మర్లిందట సార్! ఇప్పుడే ఫోనొచ్చింది. పక్కన పిల్ల తిమింగలం గూడ ఉందట!"

వెంకటప్పయ్య కుర్చీలోంచి లేచిన వేగానికి గొడుగు పడిపోయింది. "పిల్ల ఉందా? ఎవరు చూశారు?"

"వాగవతల నాగలక్ష్మి అని, ఈయన కోడలే సార్. దగ్గర నుంచి చూసింది ఆమె ఒక్కతే. ఎటు పోయిందో ఆమెకే ఎరుక. కానీ నొప్పులొస్తున్నయ్, బయటికి రాలేకపోతున్నది."

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నావయ్యా? పడవలు తీయండి!"

మూడు పడవలూ ఒకేసారి బయలుదేరాయి. మొదటి పడవలో వెంకటప్పయ్య, రహీం, సమ్మయ్యతో పాటు పశువుల డాక్టరు ఫరహా కూడా ఎక్కింది. తిమింగలానికి వైద్యం చేయాల్సి వస్తే అవసరమని పొద్దున్నే ఆమెను పిలిపించారు. రెండో పడవలో వెంకటకృష్ణ, కెమెరాలు. మూడో పడవలో భోజనాలు. గూడెం పుట్టి బుద్ధెరిగాక ఇన్ని పడవలు ఎప్పుడూ రాలేదు. పిల్లలు గుడిసెల్లోంచి పరుగెత్తుకొచ్చి, ఏ నాయకుడు చచ్చిపోయాడోనని చూశారు.

నాగలక్ష్మి మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించి ఉంది. వెంకటప్పయ్య గుమ్మం దగ్గర నిలబడి, వీలైనంత మర్యాదగా అడిగాడు. "అమ్మా, తిమింగలం ఎటు పోయింది?" నాగలక్ష్మి అతన్ని ఒకసారి చూసి కోయ భాషలో ఒక మాట అంది. ఆ మాటను కన్నమ్మ తెలుగులోకి మార్చలేదు.

"ఈమెను జల్దీ దవాఖానాకు తీస్కపోవాలె సార్," అన్నాడు సమ్మయ్య.

"అదెలా కుదురుతుందయ్యా? ఇది తిమింగలం ఆపరేషను. పడవల్లో మామూలు ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. రేపు అడిగితే నేనేం చెప్పాలి?"

ఫరహా అప్పటికే లోపలికి వెళ్లి చూసి వచ్చింది. ఆమె మొహంలో రంగు లేదు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "సార్, ఈమె మామూలు ప్రయాణికురాలు కాదు. పిల్ల తిమింగలాన్ని చూసిన ఏకైక సాక్షి. ఈమెకేమైనా అయితే పిల్ల ఉందని రేపు ఎవరు చెబుతారు?"

వెంకటప్పయ్య ఆ కోణంలో ఆలోచించలేదు. ఒక్క క్షణంలో సాక్షిని మంచంతో సహా పడవలోకి చేర్చారు. కన్నమ్మ తల దగ్గర, ఫరహా పక్కన కూర్చున్నారు. "మీరు కాన్పులు చేసిండ్రా డాక్టరమ్మా?" అని కన్నమ్మ అడిగితే, "బర్రెలకు చేశానమ్మా," అంది ఫరహా నిజాయితీగా. "ఫర్వలేదు. నొప్పి ఎవలకైనా నొప్పే," అంది కన్నమ్మ.

దవాఖానాకు పోయే దారిలో, పర్ణశాల దిగువన మునిగిన తుమ్మచెట్ల మధ్య, తిమింగలం దొరికింది. ఒక ట్యూబు పగిలి, ముక్కు సొట్టపోయి, కొమ్మకు వేలాడుతోంది. కింద అంచున తెల్ల రంగుతో ‘రహీం టార్పాలిన్ వర్క్స్, భద్రాచలం’ అని, ఫోను నంబరుతో సహా స్పష్టంగా ఉంది. అదృష్టమో దురదృష్టమో, వెంకటకృష్ణ పడవ బాగా వెనకబడి ఉంది. వెంకటప్పయ్య ఆ అక్షరాలను రెండుసార్లు చదివి, రహీం వైపు చూశాడు.

"అవ్ సార్," అన్నాడు రహీం.

వెంకటప్పయ్య మొహం మీద వాన నీళ్లు కారుతున్నాయి. చాలా నీరసంగా అన్నాడు. "సంగతి ఢిల్లీ దాకా పోయింది. ప్రొఫెసరు గారు దానికి పేరు కూడా పెట్టేశారు. ఇప్పుడు అది లారీ టార్పాలిన్ అని పైవాళ్లకు చెప్పే మొనగాడెవడు? నువ్వు చెబుతావా? నేను చెబుతానా? లోపలికి లాగి మడత పెట్టండి. ఎవరూ ఏమీ చూడలేదు."

లోపలికి లాగారు గానీ మడత పెట్టలేదు. వాన జోరందుకుంది. నాగలక్ష్మి వణుకుతోంది. రహీం ఆ టార్పాలిన్‌ను ఆమె మీద గుడారంలా పట్టుకుని దవాఖానా బండి ఎక్కేదాకా నిలబడ్డాడు. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. దవాఖానాలో చేర్చిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని నర్సమ్మ చెప్పగానే సమ్మయ్య గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బతికిన కోడలి కోసం ఏడ్చాడో, పోయిన కూతురి కోసం ఏడ్చాడో రహీం అడగలేదు.

మర్నాడు పేపర్లలో మొదటి పేజీ అంతా తిమింగలమే. అధికారుల అలుపెరగని కృషితో తల్లీ పిల్లా క్షేమంగా సముద్రానికి చేరుకున్నాయట. కొత్త జాతి శాస్త్రీయ నామం చివర వెంకటప్పయ్య పేరు తగిలించారు. నాగలక్ష్మి గురించి ఒక్క ముక్క లేదు. ఫజిలత్ పేపరును కుట్టు మిషను మీద పరిచి, "తిమింగలం తల్లీ పిల్లల సంగతి గింత రాసిండ్రు, మనిషి తల్లీ పిల్లల సంగతి రాయనీకి జాగ దొరకలేదా?" అంది. రహీంకు మాత్రం కోపం రాలేదు. ఇంతమంది పెద్దలు గూడేన్ని కళ్లారా చూశారు కదా, ఇక వంతెన రాకుండా ఎలా ఉంటుందని అతని ఆశ.

ఆశ తప్పు కాలేదు. ఆ ఏడు వంతెన నిజంగానే మంజూరైంది. దసరా తర్వాత ఇసుక దిగింది, కంకర దిగింది, మిషన్లు వచ్చాయి. కన్నమ్మ మనవరాలిని చంకనేసుకుని రోజూ వచ్చి ఆ కంకర కుప్పను చూసి పోయేది. ఒకరోజు మిషన్లు తిరిగి వెళ్లిపోయాయి. సంగతేమిటో కనుక్కుందామని రహీం, సమ్మయ్య కలిసి వెంకటప్పయ్య ఆఫీసుకు పోయారు. తిమింగలం పుణ్యమా అని ఆయనకు ప్రమోషన్ వచ్చింది. గది కూడా పెద్దదైంది.

"ఆ వాగు ఇప్పుడు అరుదైన జాతి పిల్లల్ని పెంచుకునే చోటయ్యా," అన్నాడు వెంకటప్పయ్య. "నీళ్లలో స్తంభాలు వేస్తే పిల్ల తిమింగలాలకు దారి మూసుకుపోతుందట. పైనుంచి ఆపేశారు."

"సార్, అది నా బరకమని మీకు ఎరుకే గద," అన్నాడు రహీం.

"పెద్దది నీ బరకమే. నేను కాదన్నానా? కానీ పిల్ల ఉందని చెప్పింది నువ్వే కదయ్యా. వాగులోకి మళ్లిందని చెప్పిందీ నువ్వే. అంతా నీ మాట మీదే నడుస్తోంది."

రహీం బల్ల మీదికి వంగాడు. "అబద్ధం చెప్పిన సార్. బిడ్డ పానం కోసం చెప్పిన. గిప్పుడు నిజం చెప్తున్న, రాసుకోండి."

"అంటే ప్రభుత్వం అబద్ధాన్ని నమ్మి ఇంత చేసిందంటావా?" వెంకటప్పయ్య గొంతు తగ్గించాడు. అందులో బెదిరింపు కన్నా జాలే ఎక్కువగా ఉంది. "ఆ మాట బయట అనకు. కేసవుతుంది."

తిరిగొచ్చి ఆటో దిగేటప్పుడు రహీం, "నా నోటితోనే మీ వంతెన పోగొట్టిన సమ్మన్నా," అన్నాడు. సమ్మయ్య అతని చేయి పట్టుకున్నాడు. "నీ నోటితోనే నా కోడలు బతికింది. రెండూ మాకు దొరుకుతయని నువ్వనుకుంటే ఎట్ల భాయ్? మాకు ఎప్పుడూ ఒకటే దొరుకుతది," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు గానీ, ఆ మాట విన్నాక రహీంకు చాలా రోజులు సరిగా అన్నం సయించలేదు.

మళ్లీ వానాకాలం వచ్చింది. గూడెంలో ఇంకో ఇద్దరికి నెలలు నిండాయి. రహీం కొత్త తెప్ప కుట్టాడు. ఈసారి పచ్చ టార్పాలిన్‌తో, చదరంగా, ముక్కూ మాసికలూ లేకుండా, ఏ జీవితోనూ పోలిక లేకుండా కుట్టాడు. ఆటోలో వేసుకుని వాగు దగ్గరికి పోయేసరికి వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. ఒడ్డున సిమెంటు దిమ్మె మీద కొత్త బోర్డు నిలబడి ఉంది. అవతలి ఒడ్డు నుంచి, మనవరాలిని ఎత్తుకున్న కన్నమ్మ చేయి ఊపింది.

"తమ్మీ! ఏం రాసిండ్రు దాని మీద?" అని అరిచింది.

రహీం మనసులోనే చదువుకున్నాడు. అరుదైన తిమింగలాలు సంచరించే ప్రాంతం. తెప్పలు, పడవలు నిషేధం. అతిక్రమించినవారు శిక్షార్హులు. తలెత్తి చూస్తే, అచ్చం అలాంటి బోర్డే కన్నమ్మ వెనకాల అవతలి ఒడ్డున కూడా నిలబడి ఉంది.

నిన్ననే పాతారట. దాన్ని వాగు దాటించడానికి పడవ దొరికింది.